ఇంకెన్నాళ్లు ఓపిక పట్టాలి? 14 నెలలుగా ఉద్యోగం లేని ఒక సహోదరుడికి నా సమాధానం

వందనాలు బాబూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఉప్పల్‌లో ఉంటున్నారు, ఐటీ ఉద్యోగం పోయి 14 నెలలైంది, ఇంటి లోన్ ఈఎంఐ మూడు నెలలుగా కట్టలేకపోతున్నారు, మీ ఆవిడ బంగారం తాకట్టులో ఉంది. ఉపవాసాలు ఉన్నారు, శుక్రవారం కూడిక ఒక్కటీ మానలేదు. ఒక సేవకుడు 40 రోజుల్లో ఉద్యోగం వస్తుందని ప్రవచనం చెప్పారు, ఆ గడువు దాటిపోయి ఆరో నెల నడుస్తోంది. సంఘంలో ఒక పెద్దాయన "నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే ఆగిపోయింది" అన్నారు. ఇప్పుడు మీ ప్రశ్న ఏంటంటే, దేవుని కోసం కనిపెట్టుకోవడం అంటే అసలు ఏం చేయాలి, ఇంకెన్నాళ్లు చేయాలి, ఆయన మీద కోపం వస్తోంది కాబట్టి నాకు నమ్మకం పోయినట్టేనా అని. మీ పాప సంగతి కూడా అడిగారు, అది ఆఖర్న చెప్తాను.

ముందు సూటిగా జవాబు. మీకు నమ్మకం పోలేదు. పోయినవాళ్లు ప్రార్థన మానేసి ఊరుకుంటారు, రాత్రి పదకొండు దాటాక కూర్చుని ఇంత పొడుగు ప్రశ్న రాయరు. కనిపెట్టుకోవడం అంటే ఈరోజు చేయాల్సిన పని చేస్తూ, ఈరోజు బాధ ఉన్నది ఉన్నట్టు దేవుడికి చెప్పుకుంటూ, తేదీ మాత్రం ఆయనకి వదిలేయడం. ఇంకెన్నాళ్లు అంటే మాత్రం చెప్పగలిగే మనిషి ఎవరూ లేరు, ఫలానా రోజుకి అని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి.

నేనెవరో చెప్పాలి కదా. 29 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, అందులో ఆఖరి 11 ఏళ్లు డయాలసిస్ వార్డులో. ఉండేది మెట్టుగూడలో. మా సంఘంలో స్త్రీల కూడిక తరఫున వారానికి ఒకసారి ఆసుపత్రులకి వెళ్లి రోగుల పక్కన కూర్చుని వాళ్లు అడిగితే ప్రార్థన చేసి వస్తాం, ఆ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. వేదాంతం చదువుకోలేదు, బైబిలు చదువుకున్నాను. ఇవన్నీ కాకుండా, మా ఆయనకి 2013లో రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసింది, 2017 జూన్‌లో ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆ మధ్య నాలుగేళ్లు నేను కనిపెట్టుకోవడం నేర్చుకున్నాను. కాబట్టి ఈ మాటలు, అడిగింది దొరికినావిడ చెప్తున్నవి కావు, అది తెలిసే చదవండి.

డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. సోమ, బుధ, శుక్రవారాలు మాకు వారం అంటే అదే. రోజుకి లీటరు నీళ్లు, టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లీటరులోనే. ఒక ప్లాస్టిక్ సీసా మీద మా అమ్మాయి పెన్నుతో గీతలు గీసిపెట్టింది, పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత అని. మే నెలలో మన ఊళ్లో ఎండలు ఎలా ఉంటాయో తెలుసుగా, ఆయన ఐస్ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని గంటసేపు గడిపేవారు. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే రక్తనాళాలు రెండిటిని కలిపి సూది గుచ్చడానికి వీలుగా చేస్తారు. అది పనిచేస్తోందా లేదా అని రోజూ వేళ్లు పెట్టి చూడాలి, లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుయ్యిమంటుంది. ఆ చప్పుడు ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ పొద్దున ఐదున్నరకి లేచి ఆయన మణికట్టు పైన మూడు వేళ్లు ఆనించి ఆ జుయ్యిమనేది తెలిశాక అక్కడే, ఆ వేళ్లు తీయకుండానే ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, ఈరోజు ఇది ఆడుతోంది, నీకు స్తోత్రం." అంతే. పెద్ద ప్రార్థన చేసే ఓపిక నాకు ఉండేది కాదు, డ్యూటీకి వెళ్లాలి, వంట చేయాలి.

మొదటి ఏడాది నేను అలా లేను. మీలాగే ఉన్నాను. 21 రోజుల ఉపవాసం ఉన్నాను, డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయాను. ఎవరు ఎక్కడ ప్రత్యేక ప్రార్థన పెట్టారంటే అక్కడికి తీసుకెళ్లాను, చివరికి ఆయనే "ఇంక నన్ను తిప్పకు, నేను అలిసిపోయాను" అన్నారు. అప్పుడు తెలియలేదు గానీ, నేను నమ్ముతున్నది దేవుణ్ణి కాదు, నేను చేస్తున్న ఉపవాసాన్ని. ఇన్ని రోజులు ఉంటే ఆయన ఇవ్వక తప్పదు అన్న లెక్క ఒకటి లోపల పెట్టుకున్నాను. లెక్క తప్పేసరికి కోపం వచ్చింది. ఉపవాసం మంచిదే, నేను ఇప్పటికీ ఉంటాను, కానీ ఆ లెక్క పెట్టుకుని కాదు. మీరు కూడా ఆ ఒక్కటి లోపల చూసుకోండి బాబూ, నింద వేయడం లేదు.

ఇప్పుడు ఆ ప్రవచనం సంగతి. మీ ఫ్రిజ్ మీద యిర్మీయా 29:11 వాగ్దాన కార్డు ఉందని రాశారు, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనేది. మన ఇళ్లలో సగం గోడల మీద అదే ఉంటుంది. దాని పైన ఉన్న వచనం, 10వది, ఎప్పుడైనా చదివారా? బబులోనులో 70 సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని తిరిగి తీసుకొస్తాను అని ఉంటుంది. 70 ఏళ్లు! అది యెరూషలేము నుంచి బబులోనుకి చెరపట్టి తీసుకుపోయినవాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం అందుకున్నప్పుడు నడివయసులో ఉన్నవాళ్లెవరూ తిరిగి యెరూషలేము చూసి ఉండరు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి రెండు సంవత్సరాల్లోగా అంతా తిరిగి వచ్చేస్తుందని చెప్పాడు. జనానికి ఎంత ఆనందంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. యిర్మీయా కూడా వెంటనే కొట్టిపారేయలేదు, "ఆమేన్, యెహోవా ఆలాగున చేయునుగాక" అన్నాడు, ఆయనకీ అలా జరగాలనే ఉంది. కానీ దేవుడు ఆ మాట చెప్పలేదు. "యెహోవా నిన్ను పంపలేదు, ఈ ప్రజలను అబద్ధమును ఆశ్రయింపజేయుచున్నావు" అని యిర్మీయా తర్వాత వచ్చి ఆయన మొహం మీదే చెప్పాడు.

అంటే తేదీ చెప్పి సంతోషపెట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు. మీకు 40 రోజులన్న సేవకుడు కావాలని మోసం చేశారని నేను అనను, మీ కన్నీళ్లు చూసి ఆయన మనసు ఆగలేకపోయి ఉండొచ్చు. కానీ ఆ మాట దేవుడి నెత్తిన పెట్టకండి. 41వ రోజున మాట తప్పింది దేవుడు కాదు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్తున్నాను: ప్రవచనం నెరవేరాలంటే విత్తన కానుక, అంటే ముందు డబ్బిస్తే దేవుడు పెంచి ఇస్తాడనే కానుక, వేయమని ఎవరైనా అడిగితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. తాకట్టులో ఉన్న బంగారం తాలూకు డబ్బుతో అది అస్సలు చేయకండి. దేవుడికి ఇచ్చే కానుక ప్రేమతో ఇచ్చేది, ఉద్యోగానికి అడ్వాన్సు కాదు.

మరి చెరలో ఉన్నవాళ్లని దేవుడు ఏం చేయమన్నాడు? అదే ఉత్తరంలో 5వ వచనం నుంచి చూడండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. సామాను మూట విప్పకుండా కూర్చోవద్దు అని. నేను ఆ భాగం 2015లో ఒక రాత్రి డ్యూటీలో చదివాను, ఇంటికి వచ్చి ఏడాదిన్నరగా ఆపేసిన పని ఒకటి చేశాను. బాల్కనీలో మందార కుండీలు ఎండిపోయి అలాగే ఉన్నాయి, ఆయనకి బాగయ్యాక చూద్దాం అని వదిలేశాను. కొత్త మట్టి వేయించి మళ్లీ నాటాను. మా అమ్మాయిని సంగీతం క్లాసు మాన్పించాను, మళ్లీ పంపించాను. అప్పటిదాకా మా ఇంట్లో అన్నీ "నాన్నకి బాగయ్యాక" అనే మాట దగ్గర ఆగిపోయి ఉన్నాయి. మీ ఇంట్లో ఇప్పుడు "ఉద్యోగం వచ్చాక" అనే మాట దగ్గర ఏమేం ఆగిపోయాయో మీరూ మీ ఆవిడా కూర్చుని చూసుకోండి. డబ్బుతో పనిలేనివి కొన్ని ఉంటాయి, అవి ఈ వారమే మొదలుపెట్టండి.

"నీలో పాపం ఉంది" అన్న పెద్దాయన మాటకి వస్తాను. నాకు దీనిమీద చాలా బాధ ఉంది, ఎందుకంటే ఈ ఒక్క మాట వల్ల మందిరానికి రావడం మానేసిన మనుషుల్ని నా చేతులతో లెక్కపెట్టగలను. నాతో పనిచేసిన ఒక చెల్లికి మూడుసార్లు గర్భం నిలవలేదు, మూడోసారి వార్డులో మంచం మీద ఉండగానే సంఘం నుంచి వచ్చిన ఒకావిడ "పరీక్షించుకో అమ్మా, దేవుడు ఊరికే కొట్టడు" అంది. ఆ చెల్లి ఆ తర్వాత ఎనిమిదేళ్లు బైబిలు తెరవలేదు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి కన్నవారా అని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నారు ప్రభువు. బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులూ ఏడు రాత్రులూ నేల మీద ఆయన పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడైంది, చివరి అధ్యాయంలో దేవుడు వాళ్లని కోప్పడి, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు.

గమనించండి, యోబు ఏం పలికాడు? మనం మొదటి అధ్యాయంలోని "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" దగ్గరే ఆగిపోతాం, సమాధి ప్రార్థనల్లో అదే చదువుతాం. మూడో అధ్యాయానికే ఆయన తాను పుట్టిన రోజుని శపించాడు. ఆ తర్వాత అధ్యాయాల తరబడి దేవుడితో వాదించాడు, నన్నెందుకు గురిపెట్టావు అని అడిగాడు. అలాంటి మనిషి సహనం గురించే యాకోబు తన పత్రికలో "మీరు యోబు యొక్క సహనమునుగూర్చి వింటిరి" అని రాశాడు. అంటే బైబిలు లెక్కలో ఓర్పు అంటే నోరు మూసుకోవడం కాదు. కొత్త నిబంధనలో ఓర్పు అని మనం చదివే చాలా చోట్ల గ్రీకులో ఉన్న మాట హుపొమొనే, కింద నిలిచి ఉండటం అని దాని అర్థం. బరువు నెత్తిన ఉంది, కింద మనిషి ఉన్నాడు, అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో, పారిపోలేదు, అంతే.

కాబట్టి కోపాన్ని దాచిపెట్టి ప్రార్థన చేయకండి. కీర్తన 13 తెరవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" మీరు మాకు రాసిన ప్రశ్నే అది, దావీదు సరాసరి ఆయన్నే అడిగాడు. కీర్తన 88 అయితే చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా ఉండదు, అయినా అది బైబిల్లో ఉంది. మన కూడికల్లో సాక్ష్యం అంటే బాగుపడ్డవాళ్లే నిలబడి చెప్తారు, ఇంకా మధ్యలో ఉన్నవాళ్లకి మైకు ఇవ్వరు, అందుకే మధ్యలో ఉన్నవాళ్లందరూ తామొక్కరమే ఇలా ఉన్నామనుకుంటారు. ఈ విషయంలో మన సంఘాలు మారాలి, మా స్త్రీల కూడికలో మేము మార్చుకున్నాం. నెలకొకసారి ఇంకా జవాబు రాని ప్రార్థనల గురించే మాట్లాడుకుంటాం, చివర్లో ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదని నియమం.

నాకు కోపం వచ్చిన రోజు చెప్తాను. 2014లో జీవన్‌దాన్‌లో ఆయన పేరు నమోదు చేయించాం. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు కుటుంబం ఒప్పుకుంటే వరుసలో ఉన్నవాళ్లకి ఇచ్చే పద్ధతి అది. నమోదు అయ్యాక మన పని ఫోన్ ఆన్‌లో పెట్టుకోవడమే. రెండేళ్లు నేను ఆ ఫోన్ స్నానాల గది గుమ్మం దాకా తీసుకెళ్లేదాన్ని. 2016 ఆగస్టులో ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, వెంటనే రమ్మన్నారు. నేను దారంతా ఆటోలో స్తోత్రం స్తోత్రం అంటూనే ఉన్నాను. అక్కడ ఇంకో కుటుంబం కూడా ఉంది, ఒక కిడ్నీకి ఇద్దరిని పిలుస్తారు, ఎవరికి సరిపోతే వాళ్లకి. క్రాస్ మ్యాచ్ టెస్టులో ఆయనకి సరిపోలేదు, ఆ అబ్బాయికి సరిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటికి వచ్చాం. నేను చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని "ఆయనకి మనం కనబడటం లేదు" అన్నాను. మా ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ అబ్బాయి పేరు అడిగావా?" అన్నారు. అడగలేదన్నాను. "పేరు లేకపోయినా పర్లేదు, వాడి ఆపరేషన్ కోసం ప్రార్థన చెయ్యి, నాకు ఇప్పుడు రావట్లేదు" అన్నారు. చేశాను, మనసులో నుంచి రాలేదు, నోటితో చేశాను. అది అయ్యాక ఆయన "టీ పెట్టు, ఈరోజు నా లెక్కలోంచి పూర్తి గ్లాసు తాగుతా" అన్నారు. ఆరున్నరకి మళ్లీ బయల్దేరాం, సోమవారం కదా, ఏడింటికి డయాలసిస్.

నాకు ఇప్పటికీ కనిపెట్టుకోవడం అనగానే ఆ సోమవారం గుర్తొస్తుంది. మాకు కావాల్సింది రాని రాత్రి తర్వాత, ఆ పొద్దున చేయాల్సిన పనికి వెళ్లడం. "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అని యెషయా 40:31లో ఉంది, దాంట్లో వరుస చూడండి. ముందు ఎగురుదురు, తర్వాత పరుగెత్తుదురు, ఆఖర్న "సొమ్మసిల్లక నడిచిపోవుదురు." నడక ఆఖర్న పెట్టాడు. మాకు ఎగరడం లేదు, పరుగూ లేదు. నడవడానికి సరిపడా బలం మాత్రం ఆ నాలుగేళ్లూ ఏ రోజుకారోజు దొరికింది, అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు ఏ రోజుకారోజు కురిపించిన తిండి, మన్నా, లాగా. రేపటికి దాచుకుందామంటే అది పురుగు పట్టేది.

ఇక మీరు ఈ వారం ఏం చేయాలి. కొంచెం లోకసంబంధంగా ఉంటుంది, ఏమనుకోకండి.

సహాయం అడగడం అవిశ్వాసం కాదు. యోసేపు చెరసాలలో ఉన్నప్పుడు పానదాయకుల అధిపతిని బతిమాలుకున్నాడు, నన్ను జ్ఞాపకం చేసుకుని ఫరోతో చెప్పు అని. అతను రెండేళ్లు మర్చిపోయాడు, అది వేరే సంగతి, కానీ అడిగినందుకు దేవుడు యోసేపుని తప్పుపట్టలేదు. మీతో పనిచేసిన పాతవాళ్లకి ఫోన్లు చేయండి. 14 నెలలుగా ఉద్యోగం లేదని చెప్పడానికి సిగ్గుగా ఉందని రాశారు, ఆ సిగ్గు వల్లే ఎవరికీ తెలియడం లేదు. అదే జీతం, అదే హోదా దొరికేదాకా ఆగకుండా చిన్నదైనా పట్టుకోండి, యోసేపు చెరసాలలో కూడా అక్కడి పని చూసుకున్నాడు. పదిహేడేళ్లప్పుడు కథ మొదలైతే ఫరో ముందు నిలబడేటప్పటికి ఆయనకి ముప్పై.

బ్యాంకు వాళ్ల ఫోన్లు ఎత్తడం లేదన్నారు. దయచేసి ఎత్తండి, ఇంకా మంచిది, మీరే బ్రాంచికి వెళ్లి ఉద్యోగం పోయిన కాగితం చూపించి వాయిదాలు తగ్గించి గడువు పెంచే వీలుందా అని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను, కానీ దాక్కున్నవాడికంటే ఎదురొచ్చినవాడితో వాళ్లు వేరేగా మాట్లాడతారు, ఇది మా బంధువుల విషయంలో కళ్లారా చూశాను. ఫోన్‌లో నిమిషాల్లో డబ్బిచ్చే లోన్ యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా పోకండి. 2020 చివర్లో మన హైదరాబాద్‌లోనే ఆ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు, పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసేదాకా వెళ్లింది.

మీ నిద్ర గురించి. రెండు నెలలుగా మూడు గంటలకి మించి నిద్ర పట్టడం లేదని, "ఒక్కోసారి నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బులైనా వస్తాయి అనిపిస్తోంది" అని మధ్యలో ఒక వాక్యం రాసి వెళ్లిపోయారు. ఇందాకటి నుంచీ నేను రాస్తున్న మాటలన్నిటికంటే అది ముఖ్యం. ఆ మాట ఈ రాత్రే మీ ఆవిడకి చెప్పండి, రేపు డాక్టరు దగ్గరికి వెళ్లండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, ఎవరో చూస్తారని భయపడకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు రాత్రీ పగలూ ఎప్పుడైనా మాట్లాడతారు, తెలుగులోనే, అది ప్రభుత్వం నడిపేది, డబ్బులు తీసుకోరు. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని నా ప్రాణము తీసికొనుము అన్నప్పుడు దేవుడు ఆయనకి ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు, దూతని పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత. నర్సుగా చెప్తున్నాను, నిద్రలేని మనిషికి ముందు కావాల్సింది నిద్రే. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు.

చాలామంది అడుగుతారు, అడిగింది దొరకనప్పుడు మీరు ఎందుకు నమ్ముతున్నారు అని. మా అమ్మమ్మ వాళ్లది ఒంగోలు పక్క ఊరు, వాళ్ల ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే సంగతి ఒకటి ఉంది. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరుకి వచ్చారు. బడి పెట్టారు, ఊరూరూ తిరిగారు, ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు కొద్దిమందే. అమెరికాలో మిషను పెద్దలు ఇది మూసేద్దామా అని చర్చ పెట్టారు, దానికి ఒంటరి నక్షత్రం అని పేరు కూడా పడింది. డే ఆరోగ్యం పాడై 1853లో వెళ్లిపోయారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు మోకరించారు, మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, మన తెలుగువాళ్లు ముగ్గురు. ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన. దానికి జాన్ క్లౌ అక్కడికి రావడానికి 1866 అయింది, పన్నెండేళ్లు. తర్వాత 1876లో మొదలైన పెద్ద కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చారు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా అమ్మమ్మ తాతగారు ఆ కరువు చూసినవాళ్లలో ఒకరు.

దీన్ని నేను "చూశారా, ఓపిక పడితే పెద్ద జవాబు వస్తుంది" అని చెప్పడం లేదు. అలా వాడేవాళ్లున్నారు, నాకు నచ్చదు. నన్ను పట్టుకున్నది డే గారి సంగతి. ఆ బాప్తిస్మాలు జరిగిన గుండ్లకమ్మ నది ఒడ్డున ఆ రోజు ఆయన లేరు. ఆయన ఉన్నన్నాళ్లూ చూసింది ఆ కొద్దిమందినే, అయినా పొద్దున లేచి పనికి వెళ్లారు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో కూడా ఇలాగే ఉంటుంది, విశ్వాసంతో సింహాల నోళ్లు మూసినవాళ్లూ ఉన్నారు, అదే విశ్వాసంతో రంపాలతో కోయబడినవాళ్లూ ఉన్నారు, ఇద్దరినీ ఒకే పేరాలో రాశాడు, ఎవరిది తక్కువ విశ్వాసం అని అనలేదు.

మా ఆయనకి 2015 జనవరి ఒకటో తారీఖు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక, పళ్లెంలోంచి తీసిన వాగ్దాన కార్డు "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పోయాక నెలకి ఆయన బైబిలు తెరిస్తే ఆ కార్డు కనబడింది, చించేయాలన్నంత బాధ వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే, చిన్న చిన్న అంకెలతో నిండిపోయి ఉంది, ప్రతి డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు. 64.1, 61.8. 63.9, 61.5. రెండేళ్లకి పైగా రాసుకున్నారు, చోటు అయిపోయాక అంచుల మీద కూడా. కొన్నిటి పక్కన "స్తో" అని రెండక్షరాలు. స్తోత్రం అన్నమాట. అలా రాసిన రోజులేంటా అని చూస్తే మంచి రోజులే కావు, ఆగస్టులో ఆ సోమవారం పక్కన కూడా ఉంది. ఆ కార్డు ఇప్పుడు నా బైబిల్లో యిర్మీయా దగ్గర ఉంటుంది. ఆ వాగ్దానం ఎలా నెరవేరిందో నేను వివరించలేను, పునరుత్థాన దినాన ఆయన దేహం బాగై లేస్తుందని నమ్ముతున్నాను, ఆ నమ్మకంతో ఉన్నాను. కానీ ఆయన్ని దేవుడు విడిచిపెట్టాడని మాత్రం, ఆ అంకెలు చూశాక, నేను అనలేను.

ఇక మీ పాప. ఐదేళ్ల పిల్ల రోజూ రాత్రి "యేసయ్యా, నాన్నకి ఉద్యోగం ఇవ్వు" అని ప్రార్థన చేస్తోంది, వింటుంటే గుండె కోసినట్టుంది, రేపు రాకపోతే దాని విశ్వాసం ఏమైపోతుంది, ఆపమని చెప్పనా అని అడిగారు. ఆపకండి. పక్కన కూర్చుని ఆమేన్ అనండి. "ఇంకా రాలేదేం నాన్నా?" అని అడిగితే "నాకు తెలీదమ్మా, నేనూ అదే అడుగుతున్నాను" అని ఉన్న మాట చెప్పండి. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు, నేను దానికి అంతా బాగైపోతుందని చెప్తూ వచ్చాను, వాళ్ల నాన్న మాత్రం తెలీదు అనే చెప్పేవారు. పెద్దయ్యాక ఒకసారి అడిగితే, ఆ రోజుల్లో నాన్న దగ్గరే భయం వేసేది కాదమ్మా అంది. ఈ రాత్రి ఆ పిల్ల ప్రార్థన అయ్యాక, మీ ఆవిడతో ఆ నిద్ర సంగతి మాట్లాడండి. డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాక ఒక్క లైను ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను. శుక్రవారం మా కూడికలో "ఉప్పల్ తమ్ముడు" అని చెప్పి ప్రార్థన చేయిస్తాను, పేరు అక్కర్లేదు.